వాలంటీర్‌గా వెళ్తే డబ్బు ఎవరు ఎవరికి ఇవ్వాలి? వరంగల్ నుంచి విదేశాల దాకా ఒక లెక్క

హనుమకొండలో డిగ్రీ మూడో ఏడు చదివే అమ్మాయి ఫోన్‌కు ఒకే వారంలో మూడు మెసేజ్‌లు వచ్చాయనుకుందాం. మొదటిది కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) గ్రూపులో: పక్క మండలంలో ఏడు రోజుల శిబిరం, దుప్పటి, పళ్లెం, గ్లాసు తెచ్చుకోండి. రెండోది ఇన్‌స్టాలో: ఇండోనేషియాలో ఆరు వారాలు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పండి, ఫీజు 45 వేలు, సర్టిఫికెట్ గ్యారంటీ. మూడోది ఎవరో ఫార్వర్డ్ చేసింది: ఐక్యరాజ్య సమితి వాలంటీర్‌గా మీకు అవకాశం, రిజిస్ట్రేషన్ ఫీజు 2,500 మాత్రమే. మూడింటిలోనూ పిలుస్తున్నది వాలంటీర్‌నే. కానీ మొదటిది ప్రభుత్వ పథకం, రెండోది డబ్బు పెట్టి కొనుక్కునే ప్రయాణం, మూడోది మోసం.

మూడోదాని గురించి అంత ధైర్యంగా చెప్పడానికి కారణం ఉంది. ఐరాస వాలంటీర్ల విభాగం దరఖాస్తు నుంచి నియామకం దాకా ఏ దశలోనూ రూపాయి తీసుకోదు. పైగా పోస్టింగ్ ఇస్తే నెలనెలా జీవన భృతి తానే ఇస్తుంది. 2026ను ఐరాస సుస్థిరాభివృద్ధి కోసం అంతర్జాతీయ వాలంటీర్ల సంవత్సరంగా ప్రకటించింది కాబట్టి ఆ పేరు వాడుకునే ఫార్వర్డ్‌లకు ఇప్పుడు మంచి సాకు దొరికింది.

అవకాశాలు ఎక్కడ దొరుకుతాయన్నది పెద్ద సమస్య కాదు, ఫోన్ తెరిస్తే బోలెడు. దొరికినదాన్ని గుర్తుపట్టడమే కష్టం. అందుకు నాకు తోచిన సులువైన దారి, డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతోందో చూడటం.

ఒకే పేరు కింద నాలుగు ఏర్పాట్లు

మొదటి ఏర్పాటులో ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు. రక్తదానం చేస్తారు, ఆదివారం బడి పిల్లలకు లెక్కలు చెప్తారు, చూపులేని విద్యార్థి తరఫున పరీక్ష రాస్తారు. బస్సు చార్జీ మీదే.

రెండో దాంట్లో జీతం అనకుండా గౌరవ వేతనం ఇస్తారు. తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన రకం. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్లు నెలకు 5 వేల మీద, దాదాపు 50 కుటుంబాలకు ఒకరు చొప్పున పని చేశారు. మన తెలంగాణ సర్కారు బడుల్లో విద్యా వాలంటీర్లు టీచర్ల ఖాళీల్లో పాఠాలు చెప్పారు. ఆశా కార్యకర్తలు ఇప్పటికీ కాగితం మీద వాలంటీర్లే.

మూడో దాంట్లో సంస్థే మీ ఖర్చులు భరిస్తుంది: టికెట్, వసతి, బీమా, చేతి ఖర్చులు. ఐరాస వాలంటీర్లు ఈ కోవలోకి వస్తారు. నాలుగో దాంట్లో మీరే ఫీజు కట్టి సేవకు వెళ్తారు.

గౌరవ వేతనం గురించి రెండు వాదనలున్నాయి. రోజంతా పని చేయించుకుని, లక్ష్యాలు పెట్టి, వాలంటీర్ అన్న పేరుతో పీఎఫ్, సెలవులు, పర్మినెంట్ హోదా ఎగ్గొట్టడం న్యాయం కాదని ఆశాల సంఘాలు ఎన్నో ఏళ్లుగా అంటున్నాయి. పూర్తి ఉద్యోగాలుగా మారిస్తే ఊరూరా మనిషిని పెట్టలేమని, ఊరివాళ్లే ఊరి పని చేసే స్వభావం కూడా పోతుందని ప్రభుత్వాల వైపు వాదన. మొదటి వాదనలోనే బలం ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది. రాకపోతే సంజాయిషీ అడిగే పనిని స్వచ్ఛందం అనడం కష్టం.

వరంగల్ చుట్టుపక్కల ఉన్నవి

ఎన్‌ఎస్‌ఎస్ గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని లెక్క. కాకతీయ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీల్లో చాలామందికి సేవతో తొలి పరిచయం ఇదే. సర్టిఫికెట్ కోసం చేరేవాళ్లు ఎక్కువని విమర్శ ఉంది, అది నిజమే. అయితే సర్టిఫికెట్ కోసం పోయినా ఏడు రోజులు ఒక ఊళ్లో పడుకుని లేచిన అనుభవం ఎటూ పోదు.

కాలేజీతో సంబంధం లేనివాళ్లకు ఉన్నవి వేరు. 15 నుంచి 29 ఏళ్ల వాళ్ల కోసం కేంద్రం 2023 అక్టోబర్ 31న 'మై భారత్' వేదికను ప్రారంభించింది. ప్రభుత్వ బడిలో పాఠం చెప్పాలన్నా, కంప్యూటర్ ఇవ్వాలన్నా 2021 సెప్టెంబర్‌లో కొత్త రూపంలో వచ్చిన విద్యాంజలి పోర్టల్ ఉంది. ఏ బడికి ఏం కావాలో బడే అందులో పెడుతుంది. చదువు రాని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే 'ఉల్లాస్' కార్యక్రమం 2022-27 కాలానికి పెట్టుకున్నది. అది పూర్తిగా వాలంటీర్ల మీదే నడుస్తుంది, గౌరవ వేతనం లేదు. హనుమకొండ రెడ్‌క్రాస్ రక్తకేంద్రం సంగతి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఒక్కసారైనా రాత్రి గడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు. 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి, కనీసం 45 కిలోల బరువుంటే రక్తం ఇవ్వొచ్చు. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు ఎడం ఉండాలి.

రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర వాలంటీరింగ్ ఒక ప్రత్యేక ప్రపంచం. జంపన్నవాగు దగ్గర రద్దీ, తప్పిపోయిన పిల్లలు, మంచినీళ్లు, క్యూలైన్లు, అన్నీ ఆ నాలుగు రోజుల్లోనే. యునెస్కో 2021 జులైలో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చిన రామప్పలో కాకతీయ హెరిటేజ్ ట్రస్ట్ వాలంటీర్ శిబిరాలు నడిపింది. ప్రపంచ వారసత్వ కట్టడాల దగ్గర ఇలాంటి శిబిరాలు పెట్టే కార్యక్రమాన్ని యునెస్కో 2008లో మొదలుపెట్టింది. సేవ అంటే విమానమే ఎక్కాలనుకునేవాళ్లు రామప్ప ఉన్న పాలంపేట బస్సు గురించి కూడా ఒకసారి ఆలోచించొచ్చు.

వరద వచ్చినప్పుడు మంచి మనసు ఎందుకు చాలదు

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగితే జనం ఇళ్ల కప్పులెక్కారు, హెలికాప్టర్లు, పడవలు వచ్చాకే బయటపడ్డారు. వరంగల్‌లో హంటర్ రోడ్డు వైపు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. ఏదో ఒకటి చేద్దామని బైకులేసుకుని బయల్దేరిన కుర్రాళ్లు ఆ రోజుల్లో ప్రతి కాలనీలోనూ ఉంటారు.

మొదటి రోజు వరదలో కావాల్సింది పడవ, తాడు, లైఫ్ జాకెట్, వాటిని వాడటం వచ్చిన మనిషి. ఇవేవీ లేకుండా ప్రవాహంలోకి దిగినవాడు కాపాడాల్సినవాళ్ల జాబితాలో ఇంకొకడవుతాడు. ఈ తేడా కోసమే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'ఆపద మిత్ర' పథకం తెచ్చింది. దేశంలోని 350 జిల్లాల్లో లక్ష మంది మామూలు పౌరులకు పన్నెండు రోజుల శిక్షణ ఇవ్వడం దాని లక్ష్యం.

శిక్షణ లేనివాళ్లకు పని ఉండదని కాదు. వాళ్ల పని నీళ్లు తీశాక మొదలవుతుంది. ఇంట్లో మోకాలిలోతు బురద ఎత్తిపోయాలి, తడిసిన ఆధార్, పట్టా పాస్‌బుక్కులు, పిల్లల మెమోలు ఆరబెట్టాలి, నష్టపరిహారం దరఖాస్తు రాసిపెట్టాలి. అప్పటికి టీవీ కెమెరాలు వెళ్లిపోతాయి, వాలంటీర్లూ పల్చబడతారు. పాత బట్టల మూటలు మాత్రం వస్తూనే ఉంటాయి. వాటిని విప్పి, ఏరి, పనికిరానివి పారేయడానికి మళ్లీ కొందరు వాలంటీర్లు కావాలి.

అనాథాశ్రమంలో పుట్టినరోజు: చట్టం ఏమంటుంది

పుట్టినరోజు నాడు అనాథాశ్రమానికి కేకు పట్టుకెళ్లడం, పిల్లలతో ఫొటో దిగి స్టేటస్ పెట్టడం మన ఊళ్లలో మామూలైపోయింది. చేసేవాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు. కానీ 2015 బాల న్యాయ చట్టం ప్రకారం పిల్లల సంరక్షణ కేంద్రాలన్నీ తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి. అదే చట్టం 74వ సెక్షన్ సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి లాంటి గుర్తింపు వివరాలు బయటపెట్టకూడదంటుంది. పెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ లెక్కన స్టేటస్ పెట్టడం కూడా చిన్న విషయం కాదు.

విదేశీ ప్రోగ్రామ్‌లలో ఇదే సమస్య పెద్దదై కనిపిస్తుంది. ఫీజు కట్టి అనాథాశ్రమాల్లో సేవకు వచ్చేవాళ్లు పెరిగిన కొద్దీ, తల్లిదండ్రులున్న పిల్లలనే ఊళ్ల నుంచి తెచ్చి ఆశ్రమాలు నింపిన ఉదంతాలు నేపాల్, కంబోడియాల్లో బయటపడ్డాయి. 2019 డిసెంబర్‌లో ఐరాస సర్వసభ్య సభ ఆమోదించిన బాలల హక్కుల తీర్మానం అనాథాశ్రమ వాలంటీరింగ్ వల్ల జరిగే హానిని అరికట్టాలని దేశాలకు చెప్పింది. పిల్లల వైపు నుంచి చూస్తే ఇంకో బాధ ఉంది. రెండు వారాలకోసారి ఒక కొత్త అక్క వచ్చి ప్రేమగా చూసి వెళ్లిపోతుంది, మళ్లీ కనబడదు.

సంస్థ నంబర్లు ఏం చెప్తాయి, ఏం చెప్పవు

నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో ఐడీ ఉందంటే ఆ సంస్థ తన వివరాలు అక్కడ నమోదు చేసుకుందని అర్థం, పని బాగా చేస్తోందని కాదు. 12ఏ ఆ సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు. 80జీ దాతకు వచ్చే పన్ను తగ్గింపు. ఇక ఎఫ్‌సీఆర్‌ఏ విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి. దీని గురించే ఉత్తర తెలంగాణ ఊళ్లలో గందరగోళం ఎక్కువ.

కరీంనగర్ దగ్గర ఒక ఊరి యువజన సంఘం బడికి ప్రహరీ కట్టిస్తోందనుకుందాం. అన్న డాలస్‌లో ఉంటున్నాడు, ఇంకా భారత పాస్‌పోర్టే. తమ్ముడు అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. అన్న తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. తమ్ముడు పంపిన అంతే సొమ్ము, అదే ఊరికి, అదే గోడకు, విదేశీ విరాళం అవుతుంది. దాన్ని తీసుకోవడానికి సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి, 2020 సవరణ తర్వాత డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఈ నిబంధన చిన్న సంఘాలకు గుదిబండ అయిందని సేవా సంస్థలు అంటాయి. విదేశీ సొమ్ము ఎక్కడికి పోతోందో తెలియకుండా పోయేదని, ఇప్పుడు ఒకే చోట కనిపిస్తోందని ప్రభుత్వం అంటుంది.

ఏ నంబరూ లేని ఊరి సంఘం నిజంగా పని చేస్తుండొచ్చు. అన్ని నంబర్లూ ఉన్న సంస్థ బోర్డుతో ఆగిపోయి ఉండొచ్చు.

ఇంట్లోంచే విదేశానికి

ఐరాస వాలంటీర్ల విభాగం ఆన్‌లైన్ పనులు కూడా ఇస్తుంది: అనువాదం, డిజైన్, పరిశోధన, రాతపని. వారానికి 20 గంటలు మించదు. వయసు 18 నిండాలి, రిజిస్ట్రేషన్ ఉచితం, భృతి ఉండదు. తెలుగు బాగా వచ్చినవాళ్లకు 2003 డిసెంబర్‌లో పుట్టిన తెలుగు వికీపీడియా ఉంది, విపత్తు ప్రాంతాల దారులు, ఇళ్లు గుర్తించే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఉంది. ఏటూరునాగారం అడవిలోని గూడేల దారులు మనకు తెలిసినంతగా జర్మనీలో కూర్చున్న వాలంటీర్‌కు తెలియవు.

విదేశానికి వెళ్లే మూడు దారులు

ముందు మూసి ఉన్న తలుపుల సంగతి చెప్పుకుంటే టైం మిగులుతుంది. అమెరికా ప్రభుత్వ వాలంటీర్ కార్యక్రమం పీస్ కోర్ అమెరికా పౌరులకే. జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకా పంపే వాలంటీర్లు జపాన్ వాళ్లే. పేరున్న కార్యక్రమాల్లో చాలావరకు ఏదో ఒక దేశం తన యువతను బయటికి పంపేందుకు పెట్టుకున్నవి.

తెరిచి ఉన్నవాటిలో మొదటిది ఐరాస వాలంటీర్ల విభాగం. 1970లో సర్వసభ్య సభ దీన్ని ఏర్పాటు చేసింది, కార్యాలయం జర్మనీలోని బాన్‌లో. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకు యువ వాలంటీర్ విభాగం ఉంది. స్పెషలిస్ట్ స్థాయికి 27 ఏళ్లు నిండి, కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. ఎంజీఎంలో నాలుగేళ్లు పని చేసిన నర్సుకు ఇది అందే దూరంలోనే ఉంటుంది. నిన్న డిగ్రీ అయినవాళ్లకు విదేశీ పోస్టింగ్ అరుదు. పోటీ గట్టిగా ఉంటుంది, అది ఉద్యోగ దరఖాస్తులాగే సాగుతుంది.

రెండోది జర్మనీ. అక్కడ ఏడాది పాటు వృద్ధాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో, దివ్యాంగుల కేంద్రాల్లో సేవ చేసే పద్ధతి చట్టబద్ధంగా ఉంది. 2011 జులైలో మొదలైన ఫెడరల్ స్వచ్ఛంద సేవ అలాంటిదే. ఆరు నుంచి 18 నెలలు, మామూలుగా ఏడాది. చేతి ఖర్చులకు డబ్బు, బీమా ఉంటాయి, వసతి చాలా చోట్ల ఇస్తారు. జర్మన్ భాష కొంతైనా రావాలి, వీసా కావాలి. దీన్ని 'జర్మనీలో జాబ్' అని అమ్మే ఏజెంట్లతోనే చిక్కు. ఆ చేతి ఖర్చు డబ్బుతో ఏజెంట్‌కు కట్టిన అప్పు తీరదు. ఇటు నుంచి వెళ్లేవాళ్లలో చాలామంది దీన్ని తర్వాత నర్సింగ్ శిక్షణకు మెట్టుగా చూస్తారు. అందులో తప్పులేదు, కాకపోతే అది సేవ కంటే వలసకు దగ్గరగా ఉంటుందని తెలిసి వెళ్లాలి.

మూడోది ఫీజు కట్టి వెళ్లేది. 1948లో మొదలైన విద్యార్థి సంస్థ ఏఐఎస్ఈసీ ఆరు నుంచి ఎనిమిది వారాల ప్రాజెక్టులకు ఇలా పంపుతుంది, ప్రైవేటు కంపెనీలు చాలానే పంపుతాయి. పైన చెప్పిన ఇండోనేషియా ప్రకటనకే లెక్క వేద్దాం. ఫీజు 45 వేలు, విమానం 40 వేలు, వీసా, బీమా కలిపి 10 వేలు, ఆరు వారాల చిల్లర ఖర్చు 30 వేలు అనుకుంటే లక్షా పాతిక వేలు. అదే డబ్బుతో నెలకు 12 వేలు ఇచ్చి మన మండలంలోనే ఒక ట్యూటర్‌ను పది నెలలు పెట్టొచ్చు, ఇంకా 5 వేలు మిగులుతాయి.

ఈ పోలిక విమర్శకులకు ఇష్టమైనది. అవతలి వాళ్ల జవాబు కూడా వినాలి. ఆ లక్షా పాతిక ట్యూటర్‌కు ఎలాగూ పోయేది కాదు, ప్రయాణానికి తీసిపెట్టిన డబ్బు. వాలంటీర్‌ను ఊరికే పోషించాలంటే చిన్న సంస్థకు భారం, కాబట్టి ఫీజు న్యాయమే. ఇరవై ఏళ్ల వయసులో కొత్త దేశంలో ఒంటరిగా బతికిన ధైర్యానికి విలువ కట్టలేం. ఇవన్నీ ఒప్పుకోదగినవే. కానీ అప్పుడు లాభం ఎక్కువగా వెళ్లినవాళ్లకే. 45 వేలలో అక్కడి బడికి ఎంత చేరుతుందో రాతపూర్వకంగా చెప్పే సంస్థకీ, చెప్పని సంస్థకీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

జీతం లేకపోయినా వీసా అడిగేది పనినే

డబ్బు తీసుకోవడం లేదు కదా, టూరిస్ట్ వీసా చాలదా అన్నది చాలామంది అనుమానం. చాలా దేశాల్లో చాలదు. భోజనం, వసతి కూడా ప్రతిఫలమేనని కొన్ని దేశాల అధికారులు లెక్కేస్తారు, కాబట్టి పొలంలో పని చేసి ఉచితంగా ఉండే పద్ధతి విమానాశ్రయంలోనే ఆగిపోవచ్చు. బ్రిటన్ నియమం కాస్త స్పష్టంగా ఉంది: విజిటర్‌గా వెళ్లి రిజిస్టర్డ్ చారిటీలో 30 రోజుల దాకా వాలంటీర్‌గా చేయొచ్చు. అంతకు మించితే ఏడాది దాకా ఇచ్చే చారిటీ వర్కర్ వీసా కావాలి.

అమెరికా సంగతి మన ఇళ్లలో ఇంకా దగ్గరి విషయం. అక్కడ ఎంఎస్ ముగించి ఓపీటీలో (విద్యార్థి వీసా మీదే చదువుకు సంబంధించిన పని చేసుకునే అనుమతి) ఉన్నవాళ్లకు 'వాలంటీర్ చేస్తే క్లాక్ ఆగుతుంది' అన్న మాట ఎక్కడో ఒకచోట వినపడుతుంది. అది సగం నిజం. మొదటి ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు మాత్రమే ఉండొచ్చు, క్లాక్ అంటే ఆ రోజుల లెక్కే. ఒక కుర్రాడి ఓపీటీ జులై 15న మొదలైందనుకుందాం. ఏ పనీ దొరక్కపోతే 90వ రోజు అక్టోబర్ 12. ఆగస్టు 23 దాకా ఖాళీగా ఉంటే 40 రోజులు ఖర్చయినట్టు. ఆగస్టు 24 నుంచి తన చదువుకు సంబంధించిన పనిలో, లాభాపేక్ష లేని సంస్థలో, వారానికి కనీసం 20 గంటలు వాలంటీర్‌గా చేస్తే లెక్క అక్కడే ఆగి 50 రోజులు మిగిలి ఉంటాయి. వారానికి 15 గంటలే చేస్తే ఆగదు. గుడిలో ప్రసాదం పంచితే పుణ్యం వస్తుంది కానీ డేటా సైన్స్ చదివినవాడికి ఈ లెక్కలోకి రాదు.

లాభం కోసం నడిచే కంపెనీ జీతం ఇవ్వాల్సిన పనిని వాలంటీర్ పేరుతో చేయించుకోవడాన్ని అక్కడి కార్మిక చట్టం ఒప్పుకోదు. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవాళ్లకు ఓపీటీ పెంచే స్టెమ్ పొడిగింపు వచ్చాక వాలంటీర్ పని అసలు పనికిరాదు, జీతమిచ్చే ఉద్యోగమే ఉండాలి. చేయని పనికి లెటర్ ఇచ్చే కన్సల్టెన్సీల జోలికి వెళ్తే ఏమవుతుందో 2020 అక్టోబర్‌లో తేలింది. లేని కంపెనీల్లో పని చేస్తున్నట్టు ఓపీటీలో చూపించారని 15 మంది విద్యార్థులను అరెస్టు చేశారు, అందులో 11 మంది భారతీయులు.

గల్ఫ్‌లో చిక్కు వీసాతో కాదు, చందాతో. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లలో ఎవరైనా అక్కడ చనిపోతే శవాన్ని ఊరికి పంపడానికి తోటివాళ్లు వాట్సాప్‌లో డబ్బు పోగు చేయడం మామూలు. యూఏఈలో అనుమతి లేకుండా విరాళాలు సేకరించడం నేరం, సోషల్ మీడియాలో అడిగినా అంతే. సేవ చేయాలనుకునేవాళ్లు అక్కడి ప్రభుత్వ వాలంటీర్ పోర్టల్‌లో గానీ, అనుమతి ఉన్న సంస్థల్లో గానీ నమోదు కావాలి. మృతదేహాల తరలింపు లాంటి వాటికి భారత రాయబార కార్యాలయాల దగ్గర 2009లో ఏర్పాటైన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉంది. దానికి దరఖాస్తు రాయడం, పత్రాలు సమకూర్చడం, ఊళ్లోని కుటుంబంతో తెలుగులో మాట్లాడటం, ఈ పనులకు చందా అక్కర్లేదు, మనిషి కావాలి.